బాలసాహిత్యం ఏ అల్మరాలో ఉంది? బడి కోసం పుస్తకాలు వెతకడం, ఎంచడం

తెలుగులో పిల్లల పుస్తకాలు లేవనే మాట టీచర్ల సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. అందులో నిజం సగమే. పుస్తకాలు ఉన్నాయి. ఫలానా పుస్తకం రెండో తరగతికి నప్పుతుందా, నాలుగో తరగతికి ఆనుతుందా, టీచరు చదివి వినిపించాలా, పిల్లల చేతికే ఇచ్చేయవచ్చా అని చెప్పే సమాచారం లేదు. హిందీ, ఇంగ్లీషు పుస్తకాలకైతే టాటా ట్రస్ట్స్ వారి ‘పరాగ్’ 2020 నుంచి ఒక ఎంపిక జాబితా ప్రకటిస్తోంది. తెలుగులో టీచరు కళ్ళు మూసుకుని నమ్మి కొనదగ్గ అలాంటి జాబితా ఇంకా స్థిరపడలేదు. అందువల్ల తెలుగు టీచరు మీద రెండు పనులు పడతాయి. పుస్తకం ఎక్కడుందో వెతకడం ఒకటి, సమీక్షకులు చేయాల్సిన పనిని తానే చేసుకోవడం రెండోది.

వెతుకులాట చాలాసార్లు మొదటి ప్రశ్న దగ్గరే దారి తప్పుతుంది. “బాలసాహిత్యం కావాలండీ” అని లైబ్రేరియన్‌ని అడిగితే ఆ మాటలో మూడు వేర్వేరు అవసరాలు కలిసిపోయి ఉంటాయి. పిల్లలు చదువుకునే కథలు, గేయాలు, బొమ్మల పుస్తకాలు మొదటివి. పిల్లల పుస్తకాల గురించి పెద్దల కోసం రాసిన చరిత్ర, విమర్శ, గ్రంథసూచికలు రెండోవి. కథను తరగతిలో ఎలా చెప్పాలి, చదవడం ఎలా నేర్పాలి అని వివరించే బోధన పుస్తకాలు మూడోవి. ఈ మూడూ ఒకే అల్మరాలో ఉండవు. చాలా ఊళ్ళలో ఒకే భవనంలో కూడా ఉండవు. శాఖా గ్రంథాలయంలో మొదటి రకం దొరుకుతుంది, మూడో రకం కనిపించడం అరుదు. డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లోనో బీఎడ్ కాలేజీలోనో మూడో రకం ఉంటుంది, ఒకటో తరగతి పిల్లాడు చదివే బొమ్మల పుస్తకం ఉండకపోవచ్చు. రెండో రకానికి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, పాత గ్రంథాలయాలే దిక్కు. ఏ అవసరం కోసం బయల్దేరారో ముందే తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

వెన్ను మీది నంబరు ఏం చెబుతుంది

మన ప్రభుత్వ, కాలేజీ గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాన్ని బట్టి నంబర్లతో సర్దడానికి ఎక్కువగా వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. పెద్దల నవల, పిల్లల కథ రెండూ ఈ నంబరు కిందికే వస్తాయి. పిల్లలవాటిని విడదీయడానికి లైబ్రేరియన్ నంబరు ముందు ఒక అక్షరం చేర్చడమో, వేరే రాక్‌లో పెట్టడమో చేస్తారు. ఆ విభజన జరగని చోట చిన్న పుస్తకాలు లావు నవలల మధ్య నలిగి కనిపించకుండా పోతాయి. 24 పేజీల పిన్నుల పుస్తకానికి వెన్నే ఉండదు, ఇక నంబరు ఎక్కడ అంటిస్తారు? రాక్ ముందు నిలబడి చూస్తే సరిపోదు, చేత్తో తీసి చూడాల్సిందే.

ఇంకో చిక్కు ఏమిటంటే పిల్లలు ఇష్టంగా చదివేవన్నీ 894.827లో ఉండవు. జానపద కథలు 398.2లో ఉంటాయి. కామిక్స్ 741.5కి పోతాయి. పురుగులు, పక్షులు, నక్షత్రాల గురించిన పుస్తకాలు 500ల్లో, జీవిత చరిత్రలు 920 ప్రాంతంలో ఉంటాయి. తెలుగు సాహిత్యం రాక్ మాత్రమే చూసి “పిల్లలవి పదే ఉన్నాయి” అని తిరిగొచ్చేవారు 398.2 చూడలేదనే అర్థం. పేదరాశి పెద్దమ్మ కథలు, తెనాలి రామకృష్ణుడి కథలు ఎక్కువగా అక్కడే సర్దుతారు.

రెండో, మూడో రకాలకు గుర్తుంచుకోవలసిన నంబర్లు కొన్నే. పిల్లల పఠనం గురించినవి 028.5. పిల్లల పుస్తకాల గ్రంథసూచికలు 011.62. బాలసాహిత్య చరిత్ర, విమర్శ 809.89282, తెలుగుకే పరిమితమైన విమర్శను కొన్ని గ్రంథాలయాలు 894.827 కిందే ఉంచుతాయి. ప్రాథమిక తరగతుల్లో చదవడం నేర్పడం 372.4, సాహిత్య పరిచయం 372.64, కథ చెప్పడం 372.677. పిల్లల గ్రంథాలయాల నిర్వహణ 027.625, బడి గ్రంథాలయం 027.8. ఈ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే, విషయం వివరించడానికి తంటాలు పడే పని ఉండదు. కొన్ని విశ్వవిద్యాలయాలు రంగనాథన్ కోలన్ వర్గీకరణ వాడతాయి. అక్కడ ఈ నంబర్లు పనికిరావు, కేటలాగులో విషయం పేరుతోనే వెతకాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే మనవాళ్ళకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి ఎదురవుతుంది. అక్కడ పిల్లల కథలు ‘పీజెడ్’లో, బాలసాహిత్య విమర్శ ‘పీఎన్ 1009’ దగ్గర, బోధన ‘ఎల్‌బీ 1575’ దగ్గర ఉంటాయి.

కేటలాగులో దొరకకపోవడానికి కారణాలు

కంప్యూటర్‌లో వెతికితే ఫలితం సున్నా అని వచ్చిందంటే పుస్తకం లేదనుకోనక్కర్లేదు. తెలుగు పుస్తకం విషయంలో అక్షరాల తేడా వల్లే ఎక్కువ సార్లు ఇలా జరుగుతుంది.

అంతర్జాతీయ కేటలాగులు తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలోకి మార్చే పద్ధతి మనం ఫోన్లో టైపు చేసే పద్ధతి కాదు. ‘చ’కు ‘సి’ ఒక్కటే రాస్తారు, ‘సి-హెచ్’ రాస్తే అది ‘ఛ’ అవుతుంది. కాబట్టి ‘చందమామ’ను ‘సి’ తర్వాత ‘హెచ్’ లేకుండా వెతకాలి. దీర్ఘాలకు అక్షరాన్ని రెండుసార్లు రాయరు, పైన గీత పెడతారు. వెతికేటప్పుడు గీత లేకపోయినా పర్వాలేదు, కానీ ‘ఆ’ కోసం రెండు ‘ఏ’లు కొడితే పుస్తకం దొరకదు. ‘త’కు ‘టి’ ఒక్కటే, ‘టి-హెచ్’ అంటే ‘థ’. మనం అలవాటుగా ‘గీత’ను ‘టి-హెచ్’తో రాస్తాం, కేటలాగు అలా రాయదు. ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్‌లో వెతికేటప్పుడు పేరుకన్నా భాష ఫిల్టరు నమ్మదగ్గది. అక్కడ తెలుగుకు ‘టి-ఇ-ఎల్’ అనే మూడక్షరాల కోడ్ ఉంది. పాఠకుల వయసు ఫిల్టరు మాత్రం పెట్టకపోవడం మేలు. పుస్తకం వివరాలుండే కంప్యూటర్ రికార్డులో (దాన్ని ‘మార్క్’ అంటారు) 008 ఫీల్డులో 22వ స్థానం పుస్తకం ఏ వయసువారిదో చెబుతుంది. తెలుగు పుస్తకాల రికార్డుల్లో అది చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న రికార్డులన్నింటినీ ‘బాలలు’ ఫిల్టరు దాచేస్తుంది.

మన దగ్గరి కేటలాగుల జబ్బు వేరు. ‘గ్రంథాలయం’ అని ఒకచోట, ‘గ్రంధాలయం’ అని మరోచోట ఉంటుంది. ‘బాలసాహిత్యం’, ‘బాల సాహిత్యం’, ‘బాల సాహిత్యము’ మూడూ కంప్యూటర్‌కు మూడు వేర్వేరు మాటలు. అందుకే పేరు మొత్తం కొట్టకుండా చిన్న ముక్కతో, ఉదాహరణకు ‘పిల్లల’ అనో ‘బాల’ అనో మొదలుపెట్టాలి. యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో ఎక్కించిన జాబితాలు మరీ కష్టం. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే సంకేతాలు, వెతుకు పెట్టెలో యూనికోడ్ తెలుగు కొడితే ఒక్కటీ తగలదు. అలాంటప్పుడు రచయిత పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ప్రయత్నించాలి, లేదంటే కొత్త పుస్తకాలు రాగానే వరుసగా నమోదు చేసే పరిగ్రహణ రిజిస్టరే తిరగేయాలి. కోహా, ఎన్‌ఐసీ వారి ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు యూనికోడ్‌ను అంగీకరిస్తాయి. కొత్తగా ఎక్కిస్తున్న గ్రంథాలయాలు ఇంకా పాత ఫాంటునే వాడటానికి సాంకేతిక కారణమేదీ లేదు, అలవాటు తప్ప.

ఏ తలుపు తట్టాలి

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. తెలంగాణ కూడా ఆ వ్యవస్థనే కొనసాగిస్తోంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును గ్రంథాలయ సంస్థకు జమ చేయడంలో జాప్యం జరిగితే కొత్త పుస్తకాల కొనుగోలూ ఆగిపోతుంది. శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు విడతలు విడతలుగా కనిపించడానికి, కొన్నేళ్ళపాటు ఒక్కటీ రాకపోవడానికి ఇదొక కారణం. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ నుంచి వచ్చే పుస్తకాలు ఇంకో విడత.

బడికి దీనివల్ల ఒరిగేదేమిటి? గ్రంథాలయం లేని చోట జిల్లా సంస్థ పుస్తక నిక్షిప్త కేంద్రం నడపగలదు. కొద్ది పుస్తకాలు ఇచ్చి, కొంతకాలానికి మార్చే ఏర్పాటు ఇది. సర్పంచి, ప్రధానోపాధ్యాయులు కలిసి జిల్లా సంస్థ కార్యదర్శికి దరఖాస్తు పెట్టడం ఆనవాయితీ. వేసవి విజ్ఞాన శిబిరాలు, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు మరో అవకాశం. మామూలు రోజుల్లో అల్మరాల్లో ఉండే పిల్లల పుస్తకాలు ఆ వారం బల్లల మీదికి వస్తాయి. మొత్తం నిల్వను ఒకేసారి చూసి రాసుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఆ వారంలోనూ ఉపన్యాసాలు లేని రోజు వెళ్ళడం మంచిది.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం వంటివి పాత పత్రికలకు, అచ్చులో లేని పుస్తకాలకు పేరుపడ్డాయి. 1945లో మొదలైన ‘బాల’, 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తొలి సంచికలు, ఆంధ్రప్రదేశ్ బాలల అకాడమీ ప్రచురణలు కావాలనుకునే పరిశోధకులు ఇలాంటి చోట్ల వెతకాలి. మూడో తరగతికి ఒక కథ కావాలనుకునేవారు వేటపాలెం దాకా వెళ్ళనక్కర్లేదు.

బాలసాహిత్యం గురించిన పుస్తకాలకు ఒక సులువు దారి శోధ్‌గంగ. విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితంగా చదవవచ్చు. వాటిలో అసలు విలువైనది చివర ఉండే గ్రంథసూచి. ఒక్కో సిద్ధాంత గ్రంథంలో వందల పిల్లల పుస్తకాల పేర్లు, ప్రచురణకర్త, సంవత్సరంతో సహా దొరుకుతాయి. తెలుగు లిపిలో వెతికాక ఇంగ్లీషులోనూ వెతకాలి, ఎందుకంటే చాలామంది శీర్షికను ఇంగ్లీషు లిపిలో ఎక్కించారు. గ్రంథాలయ శాస్త్రంలోనూ బాలసాహిత్యంలోనూ కృషి చేసిన వెలగా వెంకటప్పయ్య పుస్తకాలు ఎక్కడ కనబడినా తీసి చూడాలి. లైబ్రేరియన్ కన్నుతో పిల్లల పుస్తకాలను చూసినవారు తెలుగులో తక్కువ.

ఆన్‌లైన్‌లో నేరుగా తరగతికి పనికొచ్చేది ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్. 2015 నుంచి ఉంది. తెలుగు ఎంచుకుని, స్థాయి ఎంచుకుని, పీడీఎఫ్ దించుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి అచ్చు వేసుకోవచ్చు, వాక్యాలు మార్చుకోవచ్చు కూడా. అనంతపురం ప్రాంతపు బడిపిల్లల రచనలతో వచ్చిన ‘కొత్తపల్లి’ పత్రిక సంచికలు మరో నిధి. పిల్లల నోటి మాట అచ్చులో ఎలా ఉంటుందో చూపడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం. నేషనల్ డిజిటల్ లైబ్రరీలో భాషను బట్టి వడపోయవచ్చు, కానీ పిల్లల బొమ్మల పుస్తకాల కన్నా పాత స్కాన్లు, పాఠ్యగ్రంథాలే ముందు తగులుతాయి.

కొనదలిస్తే ప్రచురణకర్తల కేటలాగులే గ్రంథసూచికలుగా వాడుకోవాలి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, తార్నాకలోని ‘మంచి పుస్తకం’ సంస్థ, తూలిక వారి ఇంగ్లీషు-తెలుగు ద్విభాషా పుస్తకాలు, ప్రజాశక్తి, విశాలాంధ్ర, నవచేతన వంటి పుస్తకశాలల జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఇప్పుడు అచ్చులో ఉన్న తెలుగు పిల్లల పుస్తకాల్లో చాలా భాగం కళ్ళ ముందుంటుంది. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో వీళ్ళ స్టాళ్ళన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. చేత్తో తిరగేసి చూసి కొనే అవకాశం ఏడాదిలో ఎక్కువసార్లు రాదు.

సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారాన్ని చాలామంది ఎంపిక జాబితాగా వాడతారు. దానికో పరిమితి ఉంది. కొన్ని పురస్కారాలు ఒక పుస్తకానికి కాక మొత్తం కృషికి ఇచ్చినవి. అందుచేత అది రచయితల జాబితాగా ఉపయోగపడినంతగా పుస్తకాల జాబితాగా ఉపయోగపడదు. పైగా అందులో ఎక్కువ భాగం సొంతంగా చదవగలిగే పిల్లలకు ఉద్దేశించిన కథలు, నవలలు, గేయాలు. అయిదారేళ్ళ పిల్లల బొమ్మల పుస్తకం కోసం చూసేవారికి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

స్థాయి లెక్క తెలుగుకు ఎక్కడ తప్పుతుంది

స్టోరీవీవర్ నాలుగు స్థాయిలు పెట్టుకుంది. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది ఆపైన. ఇవి పని జరగడానికి పెట్టుకున్న హద్దులు. తెలుగులో మాటల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది తెలుగులో ‘వెళ్ళిపోతున్నప్పుడల్లా’ అని ఒక్క మాటలో ఇమిడిపోతుంది. లెక్కకు ఒకటే మాట, కూడబలుక్కుని చదివే పిల్లకు మాత్రం 8 అక్షరాలు, అందులో నాలుగు ఒత్తులు. ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకం అనువాదంలో మాటలు తగ్గి చిన్నదైనట్టు కనిపిస్తుంది, నిజానికి బరువెక్కుతుంది.

తెలుగులో స్థాయిని అక్షరమే నిర్ణయిస్తుంది. ఒత్తులన్నీ ఒకటి కావు. అమ్మ, అక్క, పువ్వు, పిల్లి వంటి ద్విత్వాక్షరాలను తప్పించి తెలుగులో పిల్లల కథ రాయడం సాధ్యం కాదు, తప్పించనవసరమూ లేదు, వాటిని పిల్లలు త్వరగా పట్టుకుంటారు. చక్రం, పుస్తకం, చంద్రుడు వంటి సంయుక్తాక్షరాలు తర్వాతి మెట్టు. రాష్ట్రం, సామర్థ్యం వంటి సంశ్లేషాక్షరాలు చివరి మెట్టు. కాబట్టి పరీక్ష ఇలా చేయాలి: పుస్తకం మధ్యలో ఒక చోట 100 మాటలు తీసుకుని, ద్విత్వాలను వదిలేసి, సంయుక్త, సంశ్లేషాలున్న మాటలే లెక్కపెట్టాలి. గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే ఒత్తుల్లోకి వస్తున్న పిల్లలకు అలాంటివి అయిదారు దాటితే ఆ పుస్తకం టీచరు చదివి వినిపించడానికి ఉంచాలి. పదిహేను దాటితే అది నాలుగు, ఐదు తరగతుల పుస్తకం, బొమ్మలు ఎంత పెద్దవైనా సరే. అయిదు అక్షరాలు దాటిన మాటలనూ అలాగే విడిగా లెక్కించాలి. ఇదేమీ శాస్త్రీయ ప్రమాణం కాదు. బడిలో పని జరిపే లెక్క. పది నిమిషాల్లో అయిపోతుంది, అట్ట మీద ‘6-8 ఏళ్ళు’ అని వేసిన ముద్ర కన్నా నమ్మదగ్గది.

పిల్లల వైపు నుంచి లెక్కకు, వాళ్ళ చదివే స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వే పరీక్ష సామగ్రి సరిపోతుంది. అక్షరాలు, పదాలు, పేరా, కథ అనే మెట్లు టీచర్లకు తెలిసినవే. తెలంగాణ ప్రాథమిక బడుల్లో ‘తొలిమెట్టు’ కార్యక్రమం కోసం వేసిన స్థాయిలూ పనికొస్తాయి. మూడో తరగతిలో 30 మంది ఉంటే, అందులో అక్షరాల దగ్గర ఎందరు, పేరా దగ్గర ఎందరు అని తెలియకుండా పుస్తకాలు కొంటే అన్నీ ఒకే స్థాయివి వచ్చి పడతాయి. బెంగళూరులోని హిప్పోక్యాంపస్ సంస్థ వారు స్థాయికో రంగు చొప్పున పుస్తకాలకు గుర్తులు పెట్టే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. రంగు పుస్తకానికే ఉండాలి, పిల్లల పేరు పక్కన చేరకూడదు. ‘వాడు ఆకుపచ్చవాడు’ అనే మాట తరగతిలో పుట్టిన రోజున ఆ పద్ధతి చెడిపోయినట్టే.

చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి

మొదట భాష. ఒక పేజీ పైకి చదివితే అనువాదం పట్టుబడుతుంది. కర్త ప్రతి వాక్యంలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ‘అతను తన చేతులను తన జేబుల్లో పెట్టుకున్నాడు’ అన్న తీరులో ఉంటే, ఊపిరి ఆడదు. స్టోరీవీవర్‌లో ప్రథమ్ బుక్స్ సొంతంగా వేసినవీ, ఆసక్తి కొద్దీ ఎవరో అనువదించి ఎక్కించినవీ పక్కపక్కనే ఉంటాయి, నాణ్యత ఒకేలా ఉండదు. చివరి పేజీల్లో మూల కథ, అనువాదకుల వివరాలు ఉంటాయి; ఒకరి అనువాదం నచ్చితే వాళ్ళవే ఇంకొన్ని వెతకడం మంచి ఉపాయం. మాండలికం తేడాను మాత్రం దోషంగా చూడకూడదు. ‘సొరకాయ’ అని పిలిచే ఊళ్ళో పుస్తకం ‘ఆనపకాయ’ అంటే అది పిల్లలకు కొత్త మాట నేర్చుకునే అవకాశం. పుస్తకాలన్నీ ఒకే ప్రాంతపు తెలుగులో ఉంటే అది అల్మరాకే లోపం.

తర్వాత అచ్చు. కొత్తగా చదివే పిల్లలకు అక్షరం సైజు 18 పాయింట్లకు తగ్గితే ఒత్తులు కలిసిపోయి కనిపిస్తాయి. బొమ్మ మీద అక్షరాలు వేసినప్పుడు ముదురు రంగు మీద నల్ల అక్షరం ఒత్తును మింగేస్తుంది. పంక్తి చివర మాట విరిగి కింది పంక్తిలోకి పోతే కూడబలుక్కునేవారికి అది రెండు మాటలు. పిన్నుల పుస్తకం మధ్య పేజీల దగ్గరే ముందు ఊడుతుంది; కొన్న రోజే మధ్యలో దారంతో రెండు కుట్లు వేసి, అట్టకు ప్లాస్టిక్ వేస్తే ఎక్కువ చేతులు మారినా తట్టుకుంటుంది.

ఇక కథ. చివర ‘నీతి’ అని పెట్టెలో వేసిన పుస్తకాలు మన దగ్గర మోతాదుకు మించి ఉన్నాయి. వాటిని తీసిపారేయనక్కర్లేదు, ఆ పెట్టె మీద కాగితం అంటించి చదివితే చాలామటుకు మంచి కథలే. ఇబ్బంది ఏమిటంటే నీతి ముందే చెప్పేస్తే తరగతిలో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. అల్మరా మొత్తాన్ని ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూస్తే ఇంకొకటి బయటపడుతుంది: ఎవరి ఇళ్ళు కనిపిస్తున్నాయి, ఎవరి పనులు కనిపిస్తున్నాయి, ఆడపిల్ల కథ నడుపుతోందా పక్కన నిలబడి చూస్తోందా, చెప్పులు కుట్టేవారి, మేకలు కాసేవారి, కూలికి వెళ్ళేవారి పిల్లలు ఎక్కడైనా ఉన్నారా. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ ‘అన్వేషి’ ఈ లోటును దృష్టిలో పెట్టుకునే 2008లో అట్టడుగు జీవితాల నుంచి వచ్చిన పిల్లల కథల శ్రేణిని తెలుగులోనూ తెచ్చింది. ఒక్క పుస్తకంలో అన్నీ ఉండవు, ఉండనక్కర్లేదు. వంద పుస్తకాల అల్మరాలో లేకపోతే మాత్రం ఎంపికలో తప్పు జరిగినట్టే.

డబ్బు, కాపీలు, తరగతి

కేంద్రం బడులకు నిధులిచ్చే ‘సమగ్ర శిక్ష’ పథకం కింద గ్రంథాలయ నిధి బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఉంటుంది. ప్రాథమిక బడికి 5,000. పుస్తకం సగటు ధర 50 రూపాయలనుకుంటే 100 పుస్తకాలు. సరఫరాదారులు ఇచ్చే ‘వంద పుస్తకాల సెట్టు’ తీసుకోవడం సులువు, కానీ అందులో నాయకుల జీవిత చరిత్రలు, జనరల్ నాలెడ్జి, నీతికథలు నిండి, కొత్తగా చదివేవారికి చేతికివ్వదగ్గవి పదీ పదిహేనే తేలతాయి. వంద వేర్వేరు పుస్తకాల కన్నా 60 శీర్షికలు కొని, అందులో పదింటికి అయిదేసి కాపీలు తీసుకోవడం తరగతికి ఎక్కువ పనికొస్తుంది. ఒకే పుస్తకాన్ని అయిదుగురు కలిసి చదివినప్పుడే మాటలు మొదలవుతాయి.

చదివి వినిపించేటప్పుడు పుస్తకాన్ని టీచరు ముందుగా రెండుసార్లు పైకి చదివి ఉండాలి. ఎక్కడ ఆపాలో ఒకటి రెండు చోట్ల పెన్సిల్ గుర్తు పెట్టుకుంటే చాలు. పేజీకో ప్రశ్న అడిగితే కథ పాఠమైపోతుంది, పిల్లలు జవాబు ఏమిటని వెతుకుతారు గాని ఏం జరుగుతుందోనని వినరు. మొదటి విడత ఆపకుండా చదవడం, రెండో రోజు అదే కథ మళ్ళీ చదివి బొమ్మల్లో కనిపిస్తూ మాటల్లో లేనిదేమిటో అడగడం, మూడో రోజు పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వడం అనే వరుసలో, చదవలేని పిల్లలు కూడా మూడో రోజుకు సగం పుస్తకం చెప్పేస్తారు. దాన్ని బట్టీ అని కొట్టిపారేయకూడదు. తెలిసిన వాక్యం మీద వేలు పెట్టి అక్షరాలను పోల్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

కాపీల విషయంలో చట్టం భయపడేంత బిగువుగా లేదు. భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 52 బోధనలో భాగంగా టీచరు, విద్యార్థి చేసుకునే నకలును మినహాయించింది. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు దాటిన రచనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అయితే ఆ పుస్తకంలోని బొమ్మల హక్కు చిత్రకారుడి ఆయుష్షును బట్టి విడిగా లెక్కకు వస్తుంది. పాత పత్రికల స్కాన్లు ఇంటర్నెట్‌లో దొరికినంత మాత్రాన హక్కులు తీరిపోయినట్టు కాదు.

ఇంత చేసి తెచ్చిన పుస్తకాలు తాళం వెనక ఉండిపోవడం మన బడుల్లో మామూలు. చిరిగితే, పోతే ఎవరు కట్టాలన్న భయమే కారణం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 215వ నియమం ఈ విషయంలో ఉదారంగా ఉంది. ఏడాదిలో జారీ అయిన లేదా చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, అది నిర్లక్ష్యం వల్లో నిజాయతీ లేకపోవడం వల్లో కానంత వరకు, సహజ నష్టంగానే తీసుకోవచ్చని చెబుతుంది. రాష్ట్ర బడులకు ఇది నేరుగా వర్తించకపోయినా, బడి యాజమాన్య కమిటీ తీర్మానం రాసుకునేటప్పుడు ప్రమాణంగా చూపడానికి పనికొస్తుంది. దాన్ని వాడుకోవాలంటే జారీల లెక్క ఉండాలి: తేదీ, పుస్తకం నంబరు, తరగతి, తిరిగొచ్చిన తేదీ, అంతే. ఆ లెక్కే మరుసటి ఏడాది కొనుగోలుకు అసలైన ఎంపిక జాబితా కూడా అవుతుంది. ఏడాదంతా ఒక్కసారీ కదలని పుస్తకం లాంటిది ఇంకొకటి కొనాలా వద్దా అని అదే చెబుతుంది. 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోతే మాత్రం ఆ నియమం ప్రకారం విచారణ తప్పనిసరి. ప్రాథమిక బడిలో అంత ఖరీదైనవి నిఘంటువో అట్లాసో ఒకటి రెండు ఉంటాయి. వాటిని హెడ్‌మాస్టరు గదిలో ఉంచి, మిగతా అల్మరా తాళం తీసేయవచ్చు.